శుక్రవారం మధ్యాహ్నం మీ సొంత ప్రాజెక్టుకే అన్నారు, ఆరు నెలల్లో ఎవరూ వాడుకోలేదు. పథకం తీసేయమనాలా?

కొత్త_లీడ్
మా కంపెనీలో ఆరు నెలల క్రితం ఒక పథకం మొదలుపెట్టారు. శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎవరి ఆలోచన మీద వాళ్లు పని చేసుకోవచ్చు. రోజువారీ పనితో సంబంధం ఉండాలన్న నియమం కూడా లేదు. ప్రకటించిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. నా టీంలో పదకొండు మంది ఉన్నారు. ఈ ఆరు నెలల్లో ఒకే ఒక్క అమ్మాయి మొదలుపెట్టింది, మూడో వారానికి తనూ ఆపేసింది.

ఇప్పుడు పైనుంచి మెయిల్ వచ్చింది. "మీ వాళ్లకు ఆసక్తి ఉన్నట్టు లేదు, వచ్చే క్వార్టర్ నుంచి తీసేద్దామనుకుంటున్నాం, పది రోజుల్లో మీ అభిప్రాయం చెప్పండి" అని.

నాకు మనసొప్పడం లేదు. వీళ్ల దగ్గర ఆలోచనలు లేవంటే నేను నమ్మను. లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడు "ఇది ఇలా మారిస్తే ఎంత హాయిగా ఉండేదో" అని రోజుకొకటి చెప్తారు. మరి నాలుగు గంటలు చేతిలో పెడితే ఎందుకు వాడుకోవడం లేదు? మీ దగ్గర ఇలాంటిది నడిచిందా? నడిస్తే ఎలా నడిచింది? లీడ్‌గా నాకిది మొదటి ఏడాది. తప్పు నాదైనా మొహమాటం లేకుండా చెప్పండి.

రాత్రిషిఫ్ట్
పని తగ్గించి ఆ నాలుగు గంటలు ఇచ్చారా, పని అంతే ఉంచి ఇచ్చారా? ముందు ఇది చెప్పండి.

కొత్త_లీడ్
@రాత్రిషిఫ్ట్ తగ్గించలేదు. స్ప్రింట్‌లో, అంటే ముందుగా వేసుకునే పని ప్లాన్‌లో, పని ఎప్పటిలాగే ఐదు రోజులకు వేసుకుంటున్నాం.

రాత్రిషిఫ్ట్
అయితే జవాబు దొరికినట్టే. ఐదు రోజుల పని నాలుగున్నర రోజుల్లో చేయమంటున్నారు. శుక్రవారం ఎవరైనా సొంత పని చేసుకుంటే ఆ బాకీ శనివారం తీర్చాలి. గూగుల్ 20 శాతం సమయం గురించి, అంటే పని సమయంలో ఐదో వంతు సొంత ఆలోచనలకు వాడుకోవచ్చన్న పద్ధతి గురించి, అందరూ గొప్పగా చెప్తారు. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన మరిస్సా మేయర్, యాహూ సీఈఓ అయ్యాక తన ఉద్యోగులతో ఏమన్నారో తెలుసా? అది నిజానికి 120 శాతం సమయం అన్నారు. మామూలు పని నూటికి నూరు చేశాక, ఆ పైన ఇరవై.

గాలిపటం
120 అయితే ఏంటండీ? జీమెయిల్ అలాగే పుట్టింది కదా. ఇష్టమైన పనికి ఎవరూ గంటలు లెక్కపెట్టరు. నేను చేరి ఏడాదే అయింది, నాకు అలాంటి అవకాశం ఇస్తే రాత్రంతా కూర్చుంటా.

నిదానం
@గాలిపటం చిన్న సవరణ. జీమెయిల్ అలా పుట్టలేదు. పాల్ బుకైట్ దాన్ని 2001లో మొదలుపెట్టారు, అది కంపెనీ ఆయనకు అప్పజెప్పిన పనే. ఈ సంగతి ఆయనే చెప్పారు. మీకు సరైన ఉదాహరణ కావాలంటే గూగుల్ న్యూస్ తీసుకోండి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఒకే సంఘటన మీద రకరకాల పత్రికల వార్తలు ఒక్కచోట చూసుకోవడానికి కృష్ణ భరత్ అనే ఇంజినీరు చేసుకున్న పని అది. 2002లో జనానికి అందుబాటులోకి వచ్చింది.

2004లో షేర్ మార్కెట్‌కి వెళ్లేముందు ఆ కంపెనీ వ్యవస్థాపకులు రాసిన ఉత్తరంలో 20 శాతం మాట ఉంది. జాగ్రత్తగా చదివితే "మామూలు ప్రాజెక్టులతో పాటు అదనంగా" అనే అర్థంలోనే ఉంది. కాబట్టి రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన 120 మొదటి రోజు నుంచీ ఆ కాగితం మీదే ఉంది.

గాలిపటం
జీమెయిల్ సంగతి తెలియదు, థాంక్స్. కానీ నా మాట మీద నేనున్నా. రాత్రంతా కూర్చోవడం నాకు ఇష్టం.

బగ్గులవేట
@గాలిపటం నీకు వీలవుతుంది తమ్ముడూ, మంచిదే. ఇంట్లో మూడేళ్ల పాప, మంచం మీద ఉన్న మామగారు ఉన్న నాకు వీలవదు. నా దగ్గర నీకంటే తక్కువ ఆలోచనలు ఉన్నాయని కాదు, రాత్రి లేదు అంతే. 120 శాతం పద్ధతిలో ఎవరి ఆలోచనలు బయటికొస్తాయి? ఇంటి దగ్గర ఖాళీ ఉన్నవాళ్లవే. తర్వాత వాళ్లకే ప్రమోషన్, "చొరవ చూపించారు" అని. అందుకే పని వేళల్లోనే ఆ సమయం ఇవ్వాలని నేను గట్టిగా అంటాను.

గాలిపటం
ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు అక్కా. నిజమే.

లెక్కలపుస్తకం
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. డెలివరీ మేనేజర్‌గా పన్నెండేళ్లు చేశాను.

పదకొండు మంది, నాలుగేసి గంటలు. వారానికి 44 గంటలు. ఒక మనిషి వారమంతా చేసే పని కంటే ఎక్కువ. అంటే టీంలో ఒకరిని పూర్తిగా తీసేసినట్టే. సొంత ప్రొడక్ట్ ఉన్న కంపెనీ దీన్ని పెట్టుబడి అనుకోవచ్చు. క్లయింట్‌కి గంటల లెక్కన బిల్లు వేసే సర్వీస్ కంపెనీలో ఆ 44 గంటలు ఏ కోడ్ కింద రాయాలి? క్లయింట్‌కి వేస్తే మోసం. వేయకపోతే మార్జిన్ పోయిందని నన్ను పిలిచి అడుగుతారు. లీడ్ మీద కోపం తెచ్చుకునే ముందు టైమ్‌షీట్‌లో ఈ సమయానికి ఒక గడి ఉందో లేదో చూడండి. చాలా చోట్ల ఉండదు. గడి లేని సమయం కాగితం మీద లేనట్టే.

@కొత్త_లీడ్ మీది ప్రొడక్టా, సర్వీసా?

కొత్త_లీడ్
ప్రొడక్ట్ అండీ, కానీ రెండు పెద్ద క్లయింట్లకు ప్రత్యేకంగా చేసిపెట్టే పని సగం పైనే ఉంటుంది. టైమ్‌షీట్‌లో గడి లేదు. "ఇతరములు" కింద రాయమన్నారు. ఆ "ఇతరములు" నెలకు ఎనిమిది గంటలు దాటితే నాకు ఎర్ర అక్షరాల్లో అలర్ట్ వస్తుంది.

రాత్రిషిఫ్ట్
వారానికి నాలుగు చొప్పున రెండు వారాల్లోనే ఎనిమిది అయిపోయింది. మూడో వారం ఆ అమ్మాయి ఆపేసింది. ఒకసారి కలిపి చూడండి.

కొత్త_లీడ్
ఈ లెక్క నాకు తట్టనే లేదు. రేపు తననే అడుగుతాను.

మరమ్మతు_మనిషి
కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్ల సంగతే నడుస్తోంది. నేను ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చేస్తాను. లైన్ నడుస్తుంటే శుక్రవారం మధ్యాహ్నం సొంత పని అనే మాటే ఉండదు. ఒక్క స్టేషన్ దగ్గర మనిషి లేకపోతే వెనకున్న స్టేషన్లన్నీ ఆగుతాయి. అందుకని మా దగ్గర బుర్రలు లేవా? మిషన్ ఏ చప్పుడు చేస్తే ఏ బేరింగ్ పోబోతోందో మాకు ముందే తెలుస్తుంది.

నా సంగతి చెప్తా. ఒక విడిభాగాన్ని బిగించేటప్పుడు మనిషి నడుము వంచి ఎడమ చేత్తో పట్టుకోవాలి, కుడి చేత్తో బోల్టు తిప్పాలి. షిఫ్టుకి కొన్ని వందల సార్లు. దానికి ఒక ఫిక్చర్, అంటే ఆ భాగాన్ని కదలకుండా పట్టి ఉంచే స్టాండు, చేద్దామని రెండేళ్లు అడిగాను. టైమ్ లేదన్నారు. ఒకసారి లైన్ మూడు రోజులు ఆగింది, ముడిసరుకు రాలేదు. అందరినీ ఊడ్చే పనికీ రంగులేసే పనికీ పెట్టారు. మా షిఫ్ట్ ఇంచార్జ్ మాత్రం నన్ను పిలిచి "నీ ఫిక్చర్ అన్నావుగా, వెల్డింగ్ షాపు తాళం ఇదిగో" అన్నారు. మూడు రోజుల్లో పాత ఇనుప చానెల్ ముక్కలతో చేశాను. ఇప్పుడు ఆ స్టేషన్‌లో ఎవరూ నడుము వంచరు. నడుము నొప్పి అని సెలవు పెట్టేవాళ్లు తగ్గారు, అది నేను కళ్లారా చూస్తున్నాను.

కాబట్టి శాతాలు, శుక్రవారాలు అందరికీ కుదరవు. సందు దొరికినప్పుడు తాళం చేతికిచ్చే ఇంచార్జ్ కావాలి.

నిదానం
@మరమ్మతు_మనిషి తాళం మాట బాగా చెప్పారు. మీ లాంటి వాళ్ల కోసమే టొయోటా 1951లో ఉద్యోగుల సూచనల పద్ధతి పెట్టింది. లైన్ మీద పనిచేసే మనిషే తన పని ఎలా మెరుగుపడుతుందో చెప్పడం, దాన్ని అక్కడే అమలు చేయడం. అది విడిగా సమయం ఇచ్చే పథకం కాదు, కానీ వేరు ఒకటే.

ఆ సమయం ఇచ్చే పథకాల్లో పాతది త్రీఎం కంపెనీది, 1948 నుంచి 15 శాతం. దాని వెనక ఒక ముచ్చట ఉంది. 1920లలో రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు ఆ కంపెనీలో ఉండేవాడు, గరుకు కాగితం శాంపిళ్లు తీసుకుని కార్లకు రంగులేసే షెడ్లకు వెళ్లేవాడు. రెండు రంగుల కారుకి అంచు దగ్గర అంటించిన కాగితం పీకితే రంగు కూడా లేచిపోతోందని అక్కడ పెయింటర్లు తిట్టుకోవడం చూశాడు. రంగు లేవకుండా ఊడొచ్చే టేపు చేస్తానని కూర్చున్నాడు. పెద్దాయన విలియం మెక్‌నైట్ "అది వదిలేసి నీ పని చూసుకో" అన్నారు. అతను వదల్లేదు. 1925లో మాస్కింగ్ టేపు వచ్చింది. ఆ మెక్‌నైటే తర్వాత, మంచివాళ్లను పెట్టుకుని వాళ్లను వాళ్ల దారిన వదిలేయాలి అనే పద్ధతికి పేరు పొందారు. నాకు ఈ కథలో టేపు కంటే ఆయన మనసు మార్చుకోవడమే పెద్ద విషయం.

లెక్కలపుస్తకం
కథలు బాగుంటాయి నిదానం గారూ. నెగ్గినవాళ్లవే మిగులుతాయి. వద్దంటే వినకుండా కూర్చుని ఏమీ తేల్చలేకపోయిన వాళ్ల కథ ఎవరూ రాయరు.

నిదానం
ఒప్పుకుంటాను. అయితే అదే కంపెనీలో పసుపు రంగు అంటించే చీటీల సంగతి చూడండి. స్పెన్సర్ సిల్వర్ ఆ బలహీనమైన జిగురు 1968లో కనిపెట్టారు. అంటుకుంటుంది, సులువుగా ఊడుతుంది, ఎందుకు పనికొస్తుందో ఎవరికీ తెలియదు. ఆరేళ్ల తర్వాత, 1974లో, చర్చిలో పాటల పుస్తకంలో పెట్టుకున్న చీటీలు జారిపోతుంటే ఆర్ట్ ఫ్రై అనే మరో ఉద్యోగికి ఆ జిగురు గుర్తొచ్చింది. 1977లో నాలుగు నగరాల్లో అమ్మి చూస్తే జనం పట్టించుకోలేదు. మరుసటి ఏడాది ఒక ఊళ్లో ఉచితంగా పంచారు. వాడి చూసినవాళ్లు మళ్లీ కావాలన్నారు. దేశమంతా అమ్మకానికి వచ్చింది 1980లో. మొత్తం పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో ఏ ఆరు నెలలు తీసుకుని చూసినా మీరు దాన్ని "తేలని పని" లెక్కలోనే వేసేవారు. కొత్త_లీడ్ గారి పైవాళ్లు ఆరు నెలలకే తేల్చేస్తున్నారు.

లెక్కలపుస్తకం
అదీ నిజమే. ఆరు నెలలు మరీ తక్కువ, అంతవరకు మీతో ఉన్నాను.

హెచ్ఆర్_మాజీ
నేను ఇలాంటి పథకం ఒకటి రాసిన మనిషిని. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కాబట్టి చెప్తున్నాను. మేము సమయం ఇచ్చాం, వెబ్ పేజీ పెట్టాం, పోస్టర్లు వేశాం. అప్రైజల్ ఫారం మాత్రం మార్చలేదు. ఏడాది చివర రేటింగ్ ఇచ్చేటప్పుడు మేనేజర్ ముందు ఉండే ఫారంలో డెలివరీ, క్వాలిటీ, క్లయింట్ ఫీడ్‌బ్యాక్ మాత్రమే ఉన్నాయి. సొంత ప్రాజెక్టు చేసిన ఇద్దరికి మిగతావాళ్ల కంటే ఒక మెట్టు తక్కువ వచ్చింది. కావాలని ఎవరూ తగ్గించలేదు. ఫారంలో వాళ్లు చేసింది కనపడలేదు, చేయనిది కనపడింది. ఆ మరుసటి ఏడాది ఒక్క దరఖాస్తు రాలేదు.

వాళ్లలో ఒకాయన నా దగ్గరికొచ్చి "మేడం, నేనేం తప్పు చేశాను?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ గుర్తొస్తుంది.

వార్డు_నంబర్7
నర్సుని. మా పనిలో ఒక్క నిమిషం సందుండదు, మరమ్మతు_మనిషి గారు చెప్పినట్టే. డ్యూటీ మారేటప్పుడు ఒకరి నుంచి ఒకరికి పేషెంట్ వివరాలు చెప్పుకుంటాం కదా, అదంతా నోటిమాట. ఏ మందు ఎన్నింటికి ఇచ్చాం, ఏది ఆపమన్నారు, ఏ రిపోర్టు రావాలి. ఒకసారి ఒక మాట జారిపోయి ఒక పెద్దాయనకు ఆపమన్న మందు మరో డోసు పడింది. ఆయనకేం కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒకే పేజీలో, మంచం నంబర్ల వరుసలో, మారినవి మాత్రమే రాసే కాగితం ఒకటి గీద్దామనుకున్నాను. ఇంటి దగ్గర గీస్తే కుదరలేదు, వార్డులో నిలబడి చూస్తే తప్ప ఏ గడి ఎక్కడ ఉండాలో తెలియదు. మా సిస్టర్ ఇంచార్జ్‌కి చెప్తే ఆవిడ నాలుగు వారాల పాటు బుధవారం రెండేసి గంటలు నా మంచాలు తను చూసుకున్నారు. ఆవిడ! యాభై ఆరేళ్ల మనిషి! మొత్తం ఎనిమిది గంటలు. ఆ కాగితం ఇప్పుడు మా వార్డులో వాడుతున్నాం, పక్క వార్డు వాళ్లూ అడిగి తీసుకెళ్లారు.

సమయం ఊరికే రాదు. మన బదులు ఎవరో నిలబడితేనే వస్తుంది.

బగ్గులవేట
చదివి కళ్లు చెమర్చాయి సిస్టర్.

మరమ్మతు_మనిషి
ఆ ఇంచార్జ్ గారికి నా నమస్కారాలు చెప్పండి.

బగ్గులవేట
నా అనుభవం ఇంకోలా ఉంది, అది కూడా తెలియాలి. నాకు సమయం ఇచ్చారు, బాగానే ఇచ్చారు. టెస్టింగ్‌కి కావాల్సిన నకిలీ డేటా తయారు చేసే టూల్ రాశాను. రెండు నెలల్లో నలభై మంది వాడటం మొదలుపెట్టారు. చాలా సంతోషం వేసింది. ఆ తర్వాత రోజూ మెసేజ్‌లు. "ఇది పని చేయట్లేదు", "ఈ ఫీల్డు కావాలి", "మాకు రేపటికి కావాలి". దాన్ని చూసుకోవడానికి ఎవరూ సమయం ఇవ్వలేదు. కనిపెట్టడానికి ఇచ్చిన నాలుగు గంటలు రిపేర్లకే పోయాయి, ఆపైన నా సాయంత్రాలు పోయాయి. ఏడాదిన్నర లాగాను. నేను టీం మారాక మూడు నెలల్లో అది మూలపడింది.

కొత్తది పుట్టించడానికి సమయం అందరూ ఇస్తారు. పుట్టాక సాకేదెవరో మొదటి నెలలోనే అడగాలి.

నిదానం
దీనికి గోర్ కంపెనీ పద్ధతి నచ్చుతుంది నాకు, వాన కోట్లకు వాడే గోర్‌టెక్స్ చేసేవాళ్లు. అక్కడ డేవ్ మైయర్స్ అనే ఇంజినీరు తన సైకిల్ కేబుళ్లు జారుడుగా ఉండాలని కంపెనీ ప్లాస్టిక్ పూత వేసి చూశారు. అక్కడి నుంచి గిటార్ తీగలకు పూత వేయాలన్న ఆలోచన వచ్చింది. ఆయన పని వైద్య పరికరాల విభాగంలో. ఆ ఆలోచన నచ్చి వేరే విభాగాల వాళ్లు తమ సమయంలో కొంత ఇచ్చి ఆయనతో కలిశారు. అవి మార్కెట్లోకి వచ్చి నిలబడ్డాయి. ఒంటరిగా ఉంటే ఆయన గతీ బగ్గులవేట గారి గతే అయ్యేదేమో.

గాలిపటం
ఇంత తలనొప్పి ఎందుకు, మూడు నెలలకోసారి హ్యాకథాన్ పెడితే చాలదా? అట్లాసియన్ కంపెనీ 2005 నుంచి చేస్తోంది, 24 గంటల్లో ఏదో ఒకటి చేసి చూపించాలి. లెక్కలపుస్తకం గారి బిల్లింగ్ గొడవ కూడా ఉండదు.

రాత్రిషిఫ్ట్
చాలదు. కానీ మొదలుపెట్టడానికి మంచిది, అది ఒప్పుకుంటా. 24 గంటల్లో డెమో అవుతుంది, పని అవ్వదు. మా దగ్గర ఏటా పెడతారు. సోమవారం నుంచి ఎవరి స్ప్రింట్ వాళ్లది. గెలిచిన మూడు ప్రాజెక్టుల్లో ఒక్కటైనా జనం వాడగా నేను చూడలేదు.

లెక్కలపుస్తకం
@గాలిపటం గంటలు ముందే తెలుస్తాయి కాబట్టి క్లయింట్‌కి ముందే చెప్పి ఒప్పించవచ్చు. నేను ఒకసారి అలా చేశాను. వాళ్ల మనుషులు ఇద్దరు వచ్చి పాల్గొన్నారు కూడా. బిల్లింగ్ ఉన్న చోట మీరు చెప్పిందే నయం.

పాతకాపు
ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. చేసింది ఎవరిది? ఆఫీసు సమయం, ఆఫీసు కంప్యూటర్ అయితే అది కంపెనీదే అని చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఉంటుంది. చాలామంది చదవరు. నీలం రంగు ఎల్‌ఈడీ చేసిన షుజీ నకమురా గుర్తున్నారా? నిచియా కంపెనీ స్థాపకుడు డబ్బిచ్చి ప్రోత్సహించారు, తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఆపేయమన్నారు. ఆయన ఆపలేదు. 1993లో కంపెనీ దాన్ని మార్కెట్లో పెట్టింది. ఆయనకు బహుమానంగా ఇచ్చింది 20 వేల యెన్‌లు. కోర్టుకెక్కారు. 2004లో కింది కోర్టు 2,000 కోట్ల యెన్‌లు ఇవ్వమంది, 2005లో సుమారు 84 కోట్లకు రాజీ అయింది. 2014లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ వచ్చింది. వెలుగిచ్చిన మనిషి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చిందే అని నాకు బాధ.

హెచ్ఆర్_మాజీ
@పాతకాపు సరిగ్గా చెప్పారు. పథకం మొదలయ్యే రోజే రాసుకోవాలి. పేటెంట్ కంపెనీదైనా కనిపెట్టినవారి పేరు ఉండాలి, లాభం వస్తే వాళ్లకెంతో ముందే తేల్చాలి. తర్వాత చూద్దాం అంటే తర్వాత ఎవరూ చూడరు.

కొత్త_లీడ్
నాలుగు రోజులు రాయలేకపోయాను. ఆ అమ్మాయితో మాట్లాడాను. రాత్రిషిఫ్ట్ గారు ఊహించింది సగం నిజం. అలర్ట్ వచ్చినప్పుడు నేను తనకు ఫార్వర్డ్ చేశానట, "చూడండి" అని ఒక్క మాటతో. నాకు గుర్తు కూడా లేదు. రెండో సగం ఇంకా కష్టంగా ఉంది. మూడో వారం సోమవారం స్టాండప్‌లో, అంటే టీం అంతా నిలబడి పని సంగతులు చెప్పుకునే చిన్న మీటింగ్‌లో, అందరి ముందు "శుక్రవారం అయిపోవాల్సింది ఇంకా ఎందుకు పెండింగ్‌లో ఉంది?" అని అడిగింది నేనే. తను ఏమీ అనలేదు. మిగతావాళ్లంతా విన్నారు. ఆ తర్వాత ఎవరు ముందుకొస్తారు?

తనకు క్షమాపణ చెప్పాను. తర్వాత స్టాండప్‌లో అందరి ముందు కూడా చెప్పాను.

పైకి రాసిన జవాబు ఇది. ఆసక్తి లేదన్నది తప్పు, మేము సమయం ఇవ్వలేదు. ఇంకో రెండు క్వార్టర్లు అడిగాను. నా టీంకి స్ప్రింట్ నాలుగున్నర రోజులకే వేస్తాను, టైమ్‌షీట్‌లో విడిగా గడి కావాలి, అప్రైజల్ ఫారంలో ఒక వరుస కావాలి అన్నాను. పేటెంట్ విషయం కూడా అడిగాను, లీగల్ వాళ్లు చూస్తామన్నారు.

రాత్రిషిఫ్ట్
స్టాండప్‌లో అందరి ముందు చెప్పడం చిన్న విషయం కాదు. మీ టీం అదృష్టవంతులు.

లెక్కలపుస్తకం
ఏమన్నారు పైన?

కొత్త_లీడ్
ఒక క్వార్టర్‌కే ఒప్పుకున్నారు. గడి ఇచ్చారు. అప్రైజల్ వరుస వచ్చే ఏడాది చూద్దామన్నారు. నిన్న మొదటి శుక్రవారం. రెండుంబావుకే క్లయింట్ కాల్‌కి ఇన్వైట్ వచ్చింది, టీం మొత్తానికి. నేనొక్కడినే వెళ్లి కూర్చున్నాను, సిస్టర్ గారి ఇంచార్జ్ గుర్తొచ్చారు. ఐదింటికి బయటికొచ్చి చూస్తే ముగ్గురు పని చేసుకుంటున్నారు. ఆ అమ్మాయి అప్పుడు ఆపేసిన కోడ్ మళ్లీ తెరిచింది. కస్టమర్ ఫిర్యాదుల్లో ఒకేలాంటివి గుర్తుపట్టి ఒకచోట చేర్చే పని అది.

బగ్గులవేట
సంతోషం. అది రేపు పది మంది వాడటం మొదలుపెట్టేలోపు, తను కాక దాన్ని చూసుకునే రెండో మనిషి పేరు ఇప్పుడే రాసిపెట్టండి.

కొత్త_లీడ్
సోమవారం మొదటి పని అదే అండీ.